బొమ్మ గోడకు తిప్పిన డబ్బీలు

మార్చి 9

లక్కే ఇవాళ ఒక్క చింతపండు కూడా నోట్లో వేసుకోలేదు.

పొద్దున్నుంచి సాయంత్రం దాకా మా పెరట్లో కూర్చుని కాయ కొట్టింది, గింజ తీసింది, గుట్ట పోసింది. ఇరవై ఏళ్లుగా ప్రతి ఎండాకాలం చేసే పనే. పది కాయలకు ఒకటి నోట్లోకి పోవాల్సిందే. "సగం సరుకు దాని కడుపులకే పోతది" అని మా ఆయన ఏటా గొణుగుతారు. ఇవాళ గొణగడానికి ఏమీ లేకపోయింది పాపం ఆయనకు.

అడిగాను. "పండ్లు పులుస్తున్నయ్ అక్కా" అంది. చింతపండుకు లక్కే పళ్లు పులవడమా! అయినా నమ్మాను. మా కిరాణా కొట్టు నిండా జనం. నమ్మితే పని తొందరగా అవుతుంది.

మార్చి 12

పొద్దున బోరింగు దగ్గర మామూలుగానే ఐదుగురం. చూపుడువేలి మీద గుడాకు, చిగుళ్ల మీద రుద్దుడు, ఉమ్ముడు, ఊరి కబుర్లు. మొగుళ్ల మీద చాడీలన్నీ ఆ అరగంటలోనే తేలిపోవాలి.

నేను వెంకటాపురం నుంచి సరిహద్దు దాటి ఈ మద్దేడుకు కోడలిగా వచ్చినప్పుడు ఈ నల్ల ముద్దను చూసి ముక్కు మూసుకున్నాను. పొగాకు, బెల్లం కలిపి కుళ్లబెట్టినట్టు వాసన. రెండో కాన్పు తర్వాత పన్ను సలిపితే మా అత్తమ్మే తన వేలితో పెట్టింది. తల గిర్రున తిరిగింది, కక్కుకున్నాను. మూడో రోజు నేనే అడిగి పెట్టించుకున్నాను. ఇప్పుడు అది లేనిదే పొద్దున దొడ్డికి కూడా రాదు. ఇది ఎవరితో చెప్పుకుంటాను, ఈ కాగితంతో తప్ప.

లక్కే మూతి ముడుచుకుని కూర్చుంది. ఎడమ బుగ్గ లోపల మంటట. కొట్లోకి పోయి ఘాటు రకం డబ్బీ తెచ్చి ఇచ్చాను. "ఇది పెట్టు, మొద్దుబారుతది." పెట్టుకుంది. కాసేపటికి మొహం తేటపడింది.

"నీ చేతి మందే మందు అక్కా."

సంతోషమేసింది. రాస్తున్నాను కాబట్టి నిజమే రాయాలి. చాలా సంతోషమేసింది.

మార్చి 19

లక్కేకు ఇంకో డబ్బీ. రోజుకు ఐదారుసార్లు పెట్టుకుంటోంది. పెడితే నొప్పి ఉండదట. డబ్బులొద్దన్నాను.

మార్చి 27

మితానిన్ శారద వచ్చింది. ఊళ్లో మందులిచ్చే పిల్ల. బీజాపూర్‌లో ట్రైనింగై వచ్చిందట, ఇక ఆగుతుందా. చింతపండు కొట్టే ఆడవాళ్లందరినీ పెరట్లో కూర్చోబెట్టి నోటి గురించి చెప్పింది. పదిహేను రోజులు దాటినా మానని పుండు, తుడిస్తే పోని తెల్లమచ్చ, ఎర్రమచ్చ, నోరు సరిగా తెరుచుకోకపోవడం, ఊరికే కదిలే పన్ను, మెడలో గడ్డ. ఏ ఒక్కటి ఉన్నా చూపించుకోవాలి. నొప్పి లేదు కదా అని ఊరుకోవద్దు, మొదట్లో నొప్పే ఉండదు అంది.

అందరూ నవ్వారు. "నోరు తెరుసుడు మాకు బాగనే వస్తది" అంది ఒకావిడ.

నవ్వనిది లక్కే ఒక్కతే.

అందరూ పోయాక గోడ పక్కకు తీసుకుపోయి నోరు తెరవమన్నాను. ఫోన్ లైటు వేశాను. ఎడమ బుగ్గకు, కింది చిగురుకు మధ్య మడతలో పుండు. చింతగింజలో సగం ఉంటుంది. అంచు లేచి ఉంది. చుట్టూ తెల్లగా ముడతలు. సరిగ్గా గుడాకు పెట్టి నొక్కుకునే చోటు.

"ఎప్పటినుంచే?"

"శివరాత్రికి ముందునుంచి. బుగ్గ కరుసుకున్న అక్కా, గంతే."

"నొప్పి?"

"నీ మందు పెడితే ఉండదు గదా."

లైటు ఆర్పేశాను.

మార్చి 28

బోరింగు దగ్గరికి వెళ్లలేదు. ఇంట్లోనే రుద్దుకున్నాను. సిగ్గు లేదు నాకు.

మార్చి 30

కొత్త పెట్టె వచ్చింది. డబ్బీలు అరలో సర్దుతున్నాను. ఎప్పటిలాగే చేతులు వాటంతట అవే బొమ్మను గోడవైపు తిప్పేస్తున్నాయి.

ఈ పద్ధతి మా ఆయనది కాదు, నాది. డబ్బీల మీద కుళ్లిన నోటి బొమ్మ రావడం మొదలైన కొత్తలో, ఒక ముసలమ్మ చూసి ఛీ అని డబ్బీ కింద పెట్టేసి పోయింది. ఆ రోజు నుంచి తిప్పి పెడుతున్నాను. పేరు ముందుకు, బొమ్మ గోడకు. ఇచ్చేటప్పుడు కూడా బొటనవేలు బొమ్మ మీదే. ఎంత నేర్పో! మా ఆయన మెచ్చుకున్నారు కూడా.

ఇవాళ ఒక డబ్బీ తిప్పి చూశాను. వెలుతురులోకి తెచ్చి, కళ్లద్దాలు పెట్టుకుని. పక్కన హిందీలో రాసిందీ చదివాను. నాకు హిందీ వచ్చు. లక్కేకు ఏ అక్షరమూ రాదు. అందుకే కదా బొమ్మ వేసింది...

ఆ బొమ్మ లక్కే కోసం వేసింది. నేను గోడకు చూపించాను.

ఏప్రిల్ 2

"సంతలో శిబిరం ఉందట, పళ్ల డాక్టరమ్మ వస్తదట, పోదాం" అన్నాను.

"ఇప్పపువ్వు రాలుతున్నది. నాకోసం ఆగుతదా చెట్టు?"

"చెట్టు ఆగదు. పుండు ఆగుతదా?"

"నువ్వు ఊకె భయపెట్టకు అక్కా. మా ఆయన రానీ."

వాళ్లాయన చర్ల దిక్కు మిరపకాయలు ఏరడానికి పోయాడు. ఎప్పుడొస్తాడో ఆయనకే తెలియదు. తిట్టాను. బాగా తిట్టాను. తిట్టేకొద్దీ నవ్వుతుంది. ఆ నవ్వు చూస్తే నాకు ఏడుపొస్తోంది.

ఏప్రిల్ 5

సంత. చెయ్యి పట్టుకుని లాక్కుపోయాను. నిజంగానే లాక్కుపోయాను. మిరపకాయల గుట్టల మధ్య నుంచి, జనం చూస్తుండగా.

డాక్టరమ్మ చిన్న పిల్ల. హిందీ తప్ప రాదు. నేను మధ్యలో నిలబడి అటు మాట ఇటు, ఇటు మాట అటు.

గుడాకు ఎన్నేళ్లుగా? చిన్నప్పటినుంచి. రోజుకు ఎన్నిసార్లు? లెక్క లేదు. తాగుతుందా? "ఇప్పసారా, పండగలకే" అంది లక్కే. నేను తన మొహం చూశాను. "మా తావున పండగలు ఎక్కువ గదక్కా" అంది. అది కూడా చెప్పాను. డాక్టరమ్మ నవ్వింది గానీ, పొగాకూ సారా రెండూ కలిస్తే ఒకదానికొకటి తోడై నోటికి ఇంకా కీడు చేస్తాయని చెప్పమంది. దూదిగుడ్డతో తుడిచి చూసింది, తొడుగు వేసుకున్న వేలితో పుండు అంచు నొక్కి చూసింది, మెడ తడిమింది. ఆమె నవ్వు అప్పుడే పోయింది.

"నొప్పికి ఏం పెట్టింది?"

అడిగాను. లక్కే గొప్పగా చెప్పింది. "మా అక్క ఇచ్చింది. ఘాటు గుడాకు. పైసలు గూడ తీసుకోలే. అది లేకుంటే నేను అన్నం గూడ తినకపోదును."

డాక్టరమ్మ నా మొహం చూస్తోంది. చెప్పాలి కదా.

"కొట్లో దొరికేదేదో పెట్టుకుందట" అన్నాను.

అంతే చెప్పాను.

చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాలట, జగదల్‌పూర్ వెళ్లాలట. పరీక్ష చేస్తే గానీ ఏమిటో తెలియదు. ఏదైనా తొందరగా తెలిస్తేనే మేలు.

తర్వాత "మీరూ తెరవండి" అంది నన్ను. నాకేం లేదన్నాను. మూడు వేళ్లు నిలువుగా పట్టేంత తెరవమంది. తెరిచాను. కుడివైపు కింద తెల్లగా ముడత పడి ఉందట. చూడగానే భయపడేలా లేదు, కానీ గుడాకు పూర్తిగా మానేసి మూడు వారాల్లో మళ్లీ చూపించండి, తగ్గకపోతే మీకూ ముక్క తీయాలి అంది.

లక్కే అడిగింది, "నిన్నేమన్నది?"

"ఏం లేదన్నది."

ఒక్క రోజులో రెండు అబద్ధాలు. రెండూ మాట మార్చి చెప్పే పనిలోనే.

ఏప్రిల్ 7

మానేశాను. నిన్నటి నుంచి. తల పగిలిపోతోంది. కడుపు రాయి. మా ఆయన టీ తెస్తే గ్లాసు విసిరేశాను. "ఏందే, దయ్యం బట్టిందా?" అంటారు. పట్టింది ఇరవై ఏళ్ల కింద, ఇప్పుడు వదలమంటుంటే వదలడం లేదు.

ఏప్రిల్ 8

సాయంత్రం రుద్దుకున్నాను. అర వేలు. స్టాకు గదిలో, తలుపు చాటున. నా కొట్లో నేనే దొంగని.

ఏప్రిల్ 10

నిన్న డబ్బీలన్నీ తిప్పేశాను. బొమ్మ ముందుకు.

"ఇది దుకాణమా దవాఖానా?" అన్నారు ఆయన. అమ్మొద్దన్నాను. "మనం ఆపితే పక్క కొట్ల కొంటరు. లేకుంటే భోపాలపట్నం పోయి కొంటరు. నువ్వు మాన్తివా ముందు?" అని నా నోటివైపు చూశారు.

మొదటి రోజు ఇద్దరు మొహం తిప్పుకున్నారు. ఇవాళ ఒకావిడ బొటనవేలు బొమ్మ మీద పెట్టి డబ్బీ తీసుకుంది. నా నేర్పే. ఎవరూ నేర్పకుండానే వచ్చేసింది.

ఏప్రిల్ 14

జగదల్‌పూర్. తెల్లారగట్ల బస్సు, బీజాపూర్‌లో ఇంకో బస్సు, ఆసుపత్రిలో మూడు వరుసలు. లక్కే ఇంత పెద్ద ఊరు చూడడం రెండోసారట. మెట్లు ఎక్కేటప్పుడు నా కొంగు పట్టుకుంది.

సూది ఇచ్చి ముక్క తీశారు. నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకుందంటే గాజు ఒకటి చిట్లింది. అరవలేదు. ఫోన్ నంబరు అడిగితే నాది రాయించాను, తనకు ఫోన్ లేదు కదా.

తిరుగు బస్సులో దూది కొరికి పట్టుకుని కూర్చుంది. గీదం దాటాక దూది తీసి అడిగింది. "అక్కా, మందులు ఏం ఇయ్యలే. నీ డబ్బీయే పెట్టుకోనా?"

అప్పుడు చెప్పాను. ఇక దాచలేకపోయాను.

"అది మందు కాదే. పుండు ఎందుకయిందో దాన్నే తెచ్చి నీకు మందని ఇచ్చిన."

"నీకు తెల్వదు గదా."

"డబ్బీ మీద బొమ్మ ఉంటది."

"నేనెన్నడు చూడలే."

"నువ్వు చూడకుండ పెట్టిన."

కిటికీ వైపు తిరిగింది. తిట్టినా బాగుండేది. కొట్టినా బాగుండేది. మద్దేడులో దిగి, నాకోసం ఆగకుండా నడిచిపోయింది.

ఏప్రిల్ 16

రాలేదు.

ఏప్రిల్ 18

రాలేదు. చింతపండు అలాగే ఉంది. వేరే వాళ్లను పిలవమంటారు ఆయన. వద్దన్నాను.

ఏప్రిల్ 20

నాకు ఒళ్లు మండిపోతోంది. మధ్యాహ్నం లక్కే కూతురు బుద్రి వచ్చి గుడాకు డబ్బీ తీసుకుపోయిందట. హాస్టల్లో ఎనిమిది చదువుతుంది, పరీక్షలయి ఇంటికొచ్చింది. "అమ్మకు" అని అడిగితే మా ఆయన ఇచ్చేశారు. వారంలో ఇది రెండోదట. నేను భోజనానికి లేచినప్పుడు చూసుకుని వస్తుందట.

అంటే ఇంత జరిగినా, నోట్లో ముక్క కోసినా, ఇంకా రుద్దుతోందన్నమాట. నా మొహం చూడనంటుంది, నా డబ్బీ మాత్రం కావాలి. పోనీ... చావనీ.

అలా రాయకూడదు. కొట్టేశాననుకో.

ఏప్రిల్ 22

ఉండబట్టలేక వాళ్లింటికి పోయాను. తునికాకు కట్టలు కట్టడానికి నార చీలుస్తోంది. కూర్చోమనలేదు.

"ఇంక పెడుతున్నవానే?"

"ముట్టలే. నీ మీద ఒట్టు."

"నా మీద ఒట్టెందుకే, నేను చస్తే పీడ పోతదనా? మీ బుద్రి రెండు డబ్బీలు తెచ్చింది, అమ్మకు అని చెప్పి!"

లక్కే చేతిలో నార ఆగిపోయింది. ఒక్క మాట లేదు. నా మొహమూ చూడలేదు. దొరికిపోయింది, అనుకున్నాను. దొరికిన మనిషికే నోరు పెగలదు కదా. నోటికొచ్చింది అనేసి వచ్చాను.

వచ్చాక నేనూ రుద్దుకున్నాను. కోపానికి.

ఏప్రిల్ 25

డాక్టరమ్మ చెప్పిన మూడు వారాలు రేపటితో సరి. నేను మానింది ఎన్ని రోజులు? రెండు. తర్వాత మూడు. తర్వాత ఒకటి. ఏం మొహం పెట్టుకుని పోయి నోరు తెరవను.

ఏప్రిల్ 29

ఫోన్ వచ్చింది.

పప్పు తూస్తున్నాను. "లక్కే తరఫు వాళ్లేనా?" అన్నారు. అవునన్నాను. ఎవరు మీరు అన్నారు. అక్కను అన్నాను.

క్యాన్సరే. చిన్నగా ఉన్నప్పుడే దొరికిందట. మెడలోకి పోయినట్టు చేతికి తగల్లేదు, స్కాన్ చేసి చూడాలి. వెంటనే వస్తే ఆపరేషన్‌తో బాగయ్యే ఆశ బాగా ఉంది. వెంటనే, అని రెండుసార్లు అన్నారు. రేపే రమ్మన్నారు, రాయ్‌పూర్‌కు కాగితాలు రాసిస్తారట.

త్రాసులో పప్పు అలాగే ఉంది. కొట్టు ఆయనకు వదిలేసి పోయాను.

లక్కే తునికాకు మోపుతో అప్పుడే అడవి నుంచి దిగుతోంది. మోపు దించనిచ్చి, నీళ్లు తాగనిచ్చి చెప్పాను. ఆ పేరే చెప్పాను. చిన్నగా ఉందని, ఆపరేషన్ చేస్తారని, ఆగితే పెద్దదవుతుందని, అన్నీ చెప్పాను. ఈసారి ఒక్క ముక్క మార్చలేదు.

ఆకుల మీద దుమ్ము తుడుస్తూ కూర్చుంది.

"నేను ముట్టలేదని చెప్పిన అక్కా. నువ్వు నమ్మలే."

"మరి ఆ డబ్బీలు..."

"నాకు గూడ తెల్వదు. నువ్వు చెప్పిన రోజే ఎరుకైంది. హాస్టల్ల అందరు ఆడపిల్లలు రుద్దుతరంట. పండ్లు మెరుస్తయంట. నాకు చెప్పకుండ, నా పేరు చెప్పి తెస్తున్నది."

అక్కడే కూలబడ్డాను.

"మా పోరికి ఎన్ని ఇచ్చిన్రు అక్కా మీరు? ఈ సెలవుల సంగతి గాదు. నిరుడు, మొన్న దీపావళికి?"

గుర్తుంది నాకు. దీపావళికి నేనే ఇచ్చాను. బొమ్మ మీద బొటనవేలు పెట్టి.

"నేను పోత" అంది లక్కే. "రేపు గాని, రాయ్‌పూర్ గాని. కోస్తే కోయనీ. గాని ముందు దాని నోరు జూడు. నాకు చూపిస్తలేదు. దాని నోట్ల ఏమున్నదో తెల్వకుండ నేను ఊరు దాటి పోను."

"పిచ్చిదానా, రేపు పొద్దున బస్సే..."

"పొద్దుగాల్లనే తోలుకొస్త."

ఏప్రిల్ 30

కౌంటర్ మీదే రాస్తున్నాను.

ఇద్దరూ వచ్చారు. లక్కే చేతిలో బట్టల మూట, ఆసుపత్రి కాగితాల సంచి. బుద్రి అరుగు మీద కూర్చుంది, పెదాలు బిగించుకుని. శారదను పిలిపించాను. బతిమాలింది, నవ్వించింది. ఊహూఁ. లక్కే ఒక దెబ్బ వేసింది. పిల్ల ఏడ్చింది గానీ నోరు మూసుకునే ఏడ్చింది.

నేను పోయి పక్కన కూర్చున్నాను. "నోరు తెరువు బిడ్డా. ఒక్కసారి. మీ అమ్మ బస్సెక్కాలె."

నా చేతిలో లైటు లాక్కుంది. "నువ్వు తెరువు ముందు."

తెరిచాను. నా మీద నాకేం అనుమానం రాలేదు ఆ క్షణంలో. పిల్ల లోపలికి లైటు వేసి, మెడ వంచి, ఈ పక్కా ఆ పక్కా చూసింది. శారద కన్నా శ్రద్ధగా.

"నల్లగ ఉన్నది పెద్దమ్మా" అంది. "పొద్దున్నే పెట్టినవు."

లక్కే నన్నే చూస్తోంది. శారద చూస్తోంది. లోపల నుంచి మా ఆయన కూడా.

లైటు నా ఒళ్లో పెట్టి, మళ్లీ పెదాలు బిగించుకుని కూర్చుంది పిల్ల. బస్సు రావడానికి ఇంకా ఇరవై నిమిషాలుంది. లక్కే మూట మీద చెయ్యి వేసుకుని అరుగు మీదే ఉంది, లేవడం లేదు.